మూడో సంతకం: ఇంజనీరింగ్ రంగం చట్టసభలను ముందుగా ఏమడగాలి?

వైశాలి మెట్రో స్టేషన్‌లో దిగి ఏ దిక్కుకు నడిచినా అపార్టుమెంట్ల వరుసలే. ఘజియాబాద్ డెవలప్‌మెంట్ అథారిటీ సెక్టార్లుగా వేసిన ఈ నేల 2016 నాటి ఐఎస్ 1893 భూకంప పటంలో నాలుగో జోన్‌లో ఉంది. ఇలాంటి చోట కొత్తగా ఫ్లాటు కొనేవారు కట్టే సొమ్ములో 70 శాతాన్ని బిల్డరు ప్రత్యేక ఖాతాలో ఉంచాలని అదే ఏడాది వచ్చిన స్థిరాస్తి నియంత్రణ చట్టం (రెరా) చెబుతోంది. పని ఎంతవరకు సాగిందో ఇంజనీరు, ఆర్కిటెక్టు, చార్టర్డ్ అకౌంటెంటు ముగ్గురూ ధ్రువీకరించాకే ఆ మేరకు డబ్బు తీసుకోవాలి. ఈ మూడు సంతకాల్లో ఒకదాని వెనుక చట్టం లేదు. ఆ లోటును పూడ్చడమే ఇంజనీరింగ్ రంగం శాసనకర్తల ముందు పెట్టాల్సిన మొదటి కోరిక అన్నది ఈ వ్యాసం వాదన.

చార్టర్డ్ అకౌంటెంటుకు 1949 చట్టం ఉంది. ఆర్కిటెక్టుకు 1972 చట్టం ఉంది. వృత్తిధర్మం తప్పినవారి పేరు జాబితాలోంచి తొలగించే ఏర్పాటు రెండింటిలోనూ ఉంది. న్యాయవాదులకు 1961 నుంచీ అలాంటి చట్టమే ఉంది. ఇంజనీరు మాటేమిటి? జవాబు రెరా రెండో సెక్షన్‌లోనే దొరుకుతుంది. ఆర్కిటెక్టు అంటే 1972 చట్టం కింద నమోదైన వ్యక్తి అని అక్కడ స్పష్టంగా రాశారు. ఇంజనీరు దగ్గరికి వచ్చేసరికి, గుర్తింపు పొందిన సంస్థ నుంచి బ్యాచిలర్ డిగ్రీ లేదా తత్సమాన అర్హత ఉన్నవారు, లేదా అమలులో ఉన్న ఏదైనా చట్టం కింద ఇంజనీరుగా నమోదైనవారు అని సరిపెట్టారు. దేశమంతటికీ వర్తించే అలాంటి చట్టమేదీ లేదు. కాబట్టి నిన్న పట్టా అందుకున్న కుర్రవాడూ, ముప్పై ఏళ్లుగా పునాదులు చూసిన పెద్దమనిషీ ఈ నిర్వచనం ముందు ఒకటే. పట్టా ఏ బ్రాంచిదో కూడా అది అడగదు.

ఇంజనీరింగ్ పరిశ్రమకు ఢిల్లీలో గొంతు లేక ఈ పరిస్థితి రాలేదు. నేటి భారత పరిశ్రమల సమాఖ్య (సీఐఐ) మూలాలు 1895లో పుట్టిన ఇంజనీరింగ్ అండ్ ఐరన్ ట్రేడ్స్ అసోసియేషన్‌లో ఉన్నాయి. సుంకాలు, పన్నులు, ఎగుమతుల గురించి ప్రభుత్వంతో మాట్లాడడంలో వందేళ్లు దాటిన అనుభవం అది. చిన్న పరిశ్రమలకూ కొంత మేలు జరిగింది. సరుకు అందాక ఒప్పందం ఏదైనా 45 రోజులు దాటకుండా చెల్లించాలని 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల చట్టం ఆదేశించింది. సూక్ష్మ, చిన్న సంస్థలకు గడువులోగా చెల్లించని కొనుగోలుదారుకు ఆ ఖర్చు మీద ఆదాయపు పన్ను మినహాయింపు డబ్బు కట్టేదాకా దక్కదన్న నిబంధన 2024 ఏప్రిల్ నుంచి తోడైంది. పక్కనే ఉన్న సాహిబాబాద్ పారిశ్రామికవాడలో నాలుగు లేత్ మిషన్లతో బతికే యజమానికి ఇవి ప్రాణాధారాలు. వాటి కోసం మరింత గట్టిగా అడగాల్సిందే. అయితే ఇవన్నీ వ్యాపారం అడిగినవి. వృత్తి తరఫున అడిగే గొంతు మాత్రం బలహీనంగానే మిగిలింది. 2002లో ఢిల్లీ కేంద్రంగా ఏర్పడిన ఇంజనీరింగ్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఇంజనీర్ల చట్టం కోసం ఏళ్లుగా ప్రయత్నిస్తున్నా, తనకే చట్టబద్ధ హోదా లేదు.

వ్యాపారమూ వృత్తీ కలిసే చోటు ఒకటుంది: టెండరు. తక్కువ ధర వేసినవారికే పని అన్న ఎల్-1 పద్ధతి సిమెంటు బస్తాల కొనుగోలుకు నప్పుతుంది. వంతెన డిజైనుకు నప్పదు. డిజైను ఫీజు మొత్తం ఖర్చులో చిన్న ముక్క. అక్కడ మిగిల్చే రూపాయి కోసం మట్టి పరీక్షలు తగ్గుతాయి, లెక్కలను రెండోసారి సరిచూసే మనిషి తగ్గుతాడు. అమెరికాలో 1972 నాటి బ్రూక్స్ చట్టం ప్రకారం ఫెడరల్ ప్రభుత్వం డిజైనర్లను ముందు అర్హతను బట్టి ఎంచుకొని, తర్వాతే ఫీజు మాట్లాడుతుంది. మన ఆర్థిక శాఖ 2021 అక్టోబరులో నిర్మాణ పనులకు కూడా కొన్ని షరతులతో నాణ్యతకు 30 శాతం వరకు మార్కులిచ్చే వీలు కల్పించింది. అది పాలనాపరమైన ఉత్తర్వు. చట్టంలోకి రావాలని అడగడం న్యాయమే. కానీ నాణ్యతకు మార్కులు వేయాలంటే, ఆ నాణ్యతకు పూచీపడే మనిషి ఎవరో ముందు తేలాలి.

పూచీ తేలకపోతే ఏమవుతుందో తెలుగువారికి ఇంకొకరు చెప్పనక్కర్లేదు. 2014 జూన్ 28న చెన్నై మౌళివాక్కంలో కడుతున్న పదకొండంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోయారు. వారిలో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి కూలికి వెళ్లినవారు ఉన్నారు. 2018 జూలైలో గ్రేటర్ నోయిడా షాబేరిలో భవనాలు కూలి తొమ్మిది మంది పోయారు. 2023 అక్టోబరులో మేడిగడ్డ బరాజ్ పియర్లు కుంగాక డిజైను ఎవరిది, నాణ్యత చూసిందెవరు అన్న ప్రశ్నలు విచారణ కమిషన్ దాకా వెళ్లాయి. ఇలాంటి సందర్భాల్లో పోలీసు కేసు ఉంటుంది, శాఖాపరమైన చర్య ఉంటుంది. వృత్తిపరమైన విచారణ జరిపి, ఇక మీదట డ్రాయింగు మీద సంతకం చేయడానికి వీల్లేదని దేశమంతటికీ చెల్లేలా ఒక ఇంజనీరుకు చెప్పగల పీఠం లేదు.

చాలాచోట్ల చట్టాలు చావుల తర్వాతే వచ్చాయి. నేడు వేలాది తెలుగు కుటుంబాలున్న టెక్సాస్‌లో 1937 మార్చిలో న్యూ లండన్ పాఠశాల గ్యాస్ పేలుడు దాదాపు 300 మందిని బలిగొంది. ఇంజనీర్ల నమోదు చట్టం ఆ ఏడాదే వచ్చింది. 2001లో భుజ్ భూకంపాన్ని చూసిన గుజరాత్ 2006లో ప్రొఫెషనల్ సివిల్ ఇంజనీర్ల చట్టం చేసుకుంది.

చట్టం వస్తే చాలదు, దాని భాష కూడా ముఖ్యం. నోయిడా అథారిటీలో పదోన్నతి వివాదంగా మొదలైన ముకేశ్ గోయల్ కేసులో 2020 మార్చి 17న సుప్రీంకోర్టు తీర్పు ఈ విషయంలో కళ్లు తెరిపిస్తుంది. ఆర్కిటెక్టుల చట్టం 37వ సెక్షన్ ఆ బిరుదును నమోదు లేనివారు వాడకుండా ఆపుతుందే తప్ప, ఆ పని చేయకుండా ఆపదని కోర్టు తేల్చింది. ఇంజనీర్ల చట్టం కూడా పేరుకే కాపలా కాస్తే మౌళివాక్కం మళ్లీ జరుగుతుంది. స్ట్రక్చరల్ డిజైను, మట్టి పరీక్ష నివేదిక, స్టెబిలిటీ సర్టిఫికెట్ వంటి ప్రాణాలతో ముడిపడిన పనులను చట్టంలోనే పేర్కొని, నమోదైన ఇంజనీరే వాటి మీద సంతకం చేయాలనాలి.

దీనికి వచ్చే అభ్యంతరాల్లో బరువైనది డిప్లొమా ఇంజనీర్లది. సైటులో ఎండకు ఎండేది వారే, డిగ్రీవారి చట్టం తమను వెళ్లగొడుతుందన్న వారి భయం నిజమైనది. అనుభవం, పరీక్షల ద్వారా వారికీ మెట్లు ఉండాలి. మేస్త్రీలూ సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లూ దీని పరిధిలోకి రానక్కర్లేదు. మరో మాట: బాధ్యత మోపి బీమా లేకుండా వదిలేస్తే చిన్న కన్సల్టెంటు నలిగిపోతాడు. వృత్తి బీమా నిబంధన తొలి ముసాయిదాలోనే ఉండాలి.

దారి ఏది? ప్రైవేటు సభ్యుల బిల్లు మీద ఆశ పెట్టుకోలేం. పార్లమెంటు ఆమోదించినవి మొత్తం 14, చివరిది 1970లో. 2014 నాటి విధానం ప్రకారం కేంద్ర ముసాయిదా బిల్లులను కనీసం 30 రోజులు ప్రజల ముందు ఉంచాలి. స్థాయీ సంఘానికి వెళ్లిన బిల్లు మీద వినతిపత్రాలు ఇవ్వొచ్చు. ఇంజనీరు చట్టసభ ముందు మాట్లాడడం కొత్త కాదు. గోదావరికి ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన కాటన్ 1878లో బ్రిటిష్ పార్లమెంటు సెలెక్ట్ కమిటీ ముందు కూర్చొని కాలువల పక్షాన వాదించాడు. విజయవాడ ఎంపీగా, కేంద్రమంత్రిగా కె.ఎల్. రావు ఇంజనీరు మాటను సభలోపలి నుంచే వినిపించారు. 2025లో కేంద్రం వృత్తి ఇంజనీర్ల బిల్లు ముసాయిదాను అభిప్రాయాల కోసం విడుదల చేసింది. ఇంజనీరింగ్ సంఘాలు ఈ బిల్లును సబ్సిడీల జాబితా అడుగున చేర్చకుండా మొదటి పేజీలో పెట్టాలి.

వృత్తులు ఉమ్మడి జాబితాలో 26వ అంశం. అంటే అమరావతి, హైదరాబాద్ శాసనసభలు ఢిల్లీ కోసం ఎదురుచూడనక్కర్లేదు. తెలంగాణలో భవన అనుమతులకు సంబంధించిన 2020 నాటి టీఎస్-బీపాస్ చట్టం స్వీయ ధ్రువీకరణ మీద నడుస్తోంది. అక్కడ సంతకం విలువ మరింత పెరిగింది. రెండు రాష్ట్రాల ఇంజనీర్ల సంఘాలూ తమ ఎమ్మెల్యేలను కలిసేటప్పుడు జీతాలు, పదోన్నతుల వినతిపత్రంతో పాటు గుజరాత్ చట్టం ప్రతిని కూడా వారి చేతిలో పెట్టాలి.