సర్వమత పాఠం చెప్పే పంతులుకు ఎవరు పాఠం చెప్పాలి?

బడుల్లో మతాల గురించి పాఠాలు ఉండాలా, వద్దా అన్న చర్చ మన దేశంలో స్వాతంత్ర్యం వచ్చిన నాటి నుంచీ సాగుతూనే ఉంది. ఉండాలన్నవాళ్ళు పరమత సహనం పెరుగుతుందన్నారు. వద్దన్నవాళ్ళు లౌకికతత్వం దెబ్బతింటుందన్నారు. ఇద్దరూ పెద్దగా పట్టించుకోని ప్రశ్న ఒకటుంది. ఆ పాఠం చెప్పే పంతులు ఎవరు? శిక్షణ కాలేజీలో అతనికి ఏం నేర్పి పంపారు? తన ముందు కూర్చున్న దళిత పిల్లల మతం గురించి అతనికి ఏం తెలుసు? ఈ వ్యాసంలో ఆ ప్రశ్ననే ముందుకు తెస్తున్నాం.

ఈ ప్రశ్న మాకు పుస్తకాల్లో దొరికింది కాదు. మేము ఎనిమిదో తరగతిలో ఉండగా ఒక సారు ‘అన్ని మతాలూ ఒక్కటే’ అనే పాఠం చెప్పాడు. బోర్డు మీద చార్టు తగిలించి, పిల్లల్ని మతాల వారీగా లేచి నిలబడమన్నాడు. ‘కిరస్తానీలు ఎవరు?’ అని అడిగినప్పుడు మేము లేవలేదు. బడి రిజిస్టరులో మేము హిందువులం, ఎస్సీలం. ఆదివారం మా పల్లెలోని చర్చిలో మాకు ఇంకో పేరు ఉండేది. పక్కన కూర్చున్నోడు ‘నువ్వు చర్చికి పోతావు గదా, లెయ్యి’ అన్నాడు. సారు నవ్వి, ‘స్కాలర్‌షిప్పుకి హిందువులు, క్రిస్మస్‌కి కిరస్తానీలు’ అన్నాడు. క్లాసంతా నవ్వింది. ఆ సారు చెడ్డవాడు కాదు. నిజంగానే సర్వమత సమానత్వం చెప్పాలనుకున్నాడు. కానీ ఆ పూట మేము నేర్చుకున్నది ఒక్కటే. మతం గురించి నోరు విప్పితే ఇంటికి ముప్పు.

ఆ ముప్పు ఎక్కడినుంచి వచ్చిందో తెలుసుకోవాలంటే చరిత్రలో కొంచెం వెనక్కి పోవాలి.

1854 నాటి ఉడ్ డిస్పాచ్ ప్రభుత్వ బడుల్లో మతబోధ ఉండకూడదన్నది. అయితే ఆ ప్రభుత్వ బడి గడప దళితులకు అందుబాటులో ఉందా? 1856లో ధార్వాడలో ఒక మహర్ పిల్లవాడిని ప్రభుత్వ బడిలో చేర్చుకోలేదు. మతం విషయంలో తటస్థంగా ఉన్న బడి కులం విషయంలో తటస్థంగా లేదు. తెలుగు నేలమీద మాదిగలకూ, మాలలకూ అక్షరం ఎక్కువగా మిషన్ బడి ద్వారానే అందింది. 1876-78 కరువు తర్వాత ఒంగోలు ప్రాంతంలో క్లవ్ దొర చేతుల మీదుగా వేలమంది మాదిగలు బాప్తిస్మం తీసుకున్నారు. 1878 జులైలో ఒక్కరోజే 2,222 మంది తీసుకున్నారు. తర్వాత పల్లెల్లో బడులు పెరిగాయి. చాలాచోట్ల వాక్యం చెప్పే బోధకుడే పలక మీద అక్షరం దిద్దించే పంతులు కూడా. ఆ బడిలో మతం ఉంది, నిజమే. కానీ అక్కడ పంతులు మనోడే. ఈ తేడాను చరిత్రకారులు గుర్తించాలి.

ఆ కాలపు శిక్షణ సంస్థల్ని తలచుకుంటే గుర్రం జాషువా గుర్తుకు రాకమానడు. గుంటూరులో లూథరన్ చర్చి నడిపిన ఉపాధ్యాయ శిక్షణాలయంలో ఆయన పదేళ్ళు పనిచేశాడు. అంటే మన మహాకవి పంతుళ్ళకే పంతులు. హిందూ పురాణ కథల మీద పద్యాలు రాస్తున్నాడని క్రైస్తవులు వెలివేశారు. అంటరానివాడికి పద్యమేమిటని అగ్రవర్ణ పండితులు అవమానించారు. అయినా ఆయన ‘ఫిరదౌసి’ రాశాడు, ‘గబ్బిలం’ రాశాడు, ‘క్రీస్తు చరిత్ర’ రాశాడు. ఆ చివరి పుస్తకానికి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. ముస్లిం కవి బాధ, కాశీ శివుడికి పంపిన దళితుడి మొర, క్రీస్తు జీవితం ఒకే కలం నుంచి వచ్చాయి. బహుమత బోధన అంటే ఏమిటో చూపించడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ ఏముంటుంది? ఆయన ఏ మతం దగ్గరికి పోయినా కులం ఎదురైంది. ఆ కులాన్ని దాచకుండానే ఆయన మతాల గురించి మాట్లాడాడు.

స్వాతంత్ర్యం తర్వాత సంగతి చూద్దాం. రాజ్యాంగం 28వ అధికరణం పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థల్లో మతబోధ కూడదన్నది. అయినా ‘మతం లేకపోతే నీతి ఎట్లా?’ అన్న బెంగ పెద్దల్ని వదల్లేదు. 1948-49 నాటి రాధాకృష్ణన్ కమిషన్ డిగ్రీ మొదటి ఏడు మతాచార్యుల, మహాపురుషుల జీవితాలు చెప్పాలన్నది. ఆ జాబితాలో బుద్ధుడు, కన్ఫ్యూషియస్, జరతుష్ట్ర, సోక్రటీస్, ఏసు, శంకరుడు, రామానుజుడు, మధ్వుడు, మహమ్మదు, కబీరు, నానక్, గాంధీ ఉన్నారు. వేదాంతానికి ముగ్గురు ఆచార్యులు ఉన్నారు. చెప్పులు కుట్టిన రవిదాసు లేడు. గుడి బయట నిలబడి పాడిన చోఖామేళా లేడు. ఫూలే లేడు. ఒక్క స్త్రీ కూడా లేదు. జాబితా తయారైన చోటే కొందరి మతం బయట ఉండిపోయింది.

1959లో వేసిన శ్రీప్రకాశ కమిటీ కూడా మహనీయుల జీవితాలు, మౌనధ్యానం అన్న దారిలోనే నడిచింది. 1964-66 నాటి కొఠారీ కమిషన్ ఒక ముఖ్యమైన గీత గీసింది. ఒక మతాన్ని బోధించడం వేరు, మతాల గురించి చెప్పడం వేరు అన్నది. అంతేకాదు, నీతిబోధ పీరియడ్లు ప్రత్యేక పంతుళ్ళు కాకుండా మామూలు పంతుళ్ళే, వీలైతే వేర్వేరు సమాజాల నుంచి వచ్చినవాళ్ళు తీసుకోవాలనీ, వాళ్ళను అందుకు తయారుచేయడం శిక్షణ సంస్థల ముఖ్య లక్ష్యాల్లో ఒకటి కావాలనీ సూచించింది. ఇది మంచి సూచన. కానీ ఆ శిక్షణలో కులం చరిత్రకు చోటెక్కడో ఆ సూచన చెప్పలేదు. 2002లో అరుణా రాయ్ కేసులో సుప్రీంకోర్టు మతాల గురించి చదవడం 28వ అధికరణానికి విరుద్ధం కాదన్నది. మతబోధకూ, మతాల అధ్యయనానికీ మధ్య గీత చాలా సన్ననిదని జస్టిస్ ధర్మాధికారి హెచ్చరించారు. ఆ సన్నని గీత మీద రోజూ నడవాల్సింది పంతులే కదా!

ఇప్పుడు మళ్ళీ మా ఎనిమిదో తరగతికి వద్దాం. 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందువు కానివాడు ఎస్సీ కాడు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. అంటే అంబేద్కర్ నాగపూరులో బౌద్ధం తీసుకున్న 34 ఏళ్ళకు. క్రైస్తవ, ముస్లిం దళితులు బయటే ఉన్నారు. మన రాష్ట్రంలో క్రైస్తవంలోకి మారిన ఎస్సీలను బీసీ-సీలో పెట్టి 1 శాతం రిజర్వేషను ఇచ్చారు. 2024 నవంబరులో పుదుచ్చేరికి చెందిన ఒక కేసులో, చర్చికి పోతూ ఉద్యోగం కోసం హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసగించడమేనని సుప్రీంకోర్టు అన్నది. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు క్రైస్తవంలోకి మారినవాళ్ళకు అట్రాసిటీ చట్టం వర్తించదన్నది. దేవుడు మారినా పల్లె మారలేదు, పల్లెను చూసే కళ్ళు మారలేదు. కాగితం మాత్రం మారిపోతుంది. ఇట్లాంటి దేశంలో ‘నీ మతం గురించి నువ్వే చెప్పు బాబూ’ అని పిల్లవాడిని లేపడం ఆసక్తికరమైన బోధనా పద్ధతి అవుతుందా? పిల్లవాడి చేత వాడి ఇంటి మీదే సాక్ష్యం చెప్పించడం అవుతుంది.

అందువల్ల బి.ఎడ్., డి.ఎడ్. శిక్షణలో కొన్ని విషయాలు తప్పక ఉండాలని మేము అంటున్నాం. మొదటిది, ఏ పిల్లవాడినీ అతని మతానికి ప్రతినిధిగా నిలబెట్టకూడదు. ఎందుకు కూడదో 1950 ఉత్తర్వు చదివించి మరీ చెప్పాలి. రెండోది, పాఠం మనుషుల్ని విడదీసే చార్టుతో కాకుండా మనుషులు కట్టిన చోటుతో మొదలుకావాలి. మెదక్ చర్చి 1924లో పూర్తయింది. కరువు రోజుల్లో తిండి కోసం కూలికొచ్చిన జనం దాన్ని కట్టారు. రాళ్ళు ఎవరు మోశారు అని అడిగితే, తన మతమేదో చెప్పకుండానే ప్రతి కూలి బిడ్డా మాట్లాడగలడు. పీర్ల పండుగకు డప్పు కొట్టేదెవరు, పోలేరమ్మ కొలుపులో ఎవరి పని ఏమిటి అని అడిగితే రాముడు, రహీము, రాబర్టు అనే మూడు బొమ్మల్లో ఇమడని మతం క్లాసులోకి వస్తుంది. పిల్లలు బాగా లీనమయ్యేదీ అప్పుడే.

మూడోది, ప్రతి మతాన్నీ ఒకే ప్రశ్న అడగాలి. లోపలికి ఎవరిని రానిచ్చారు, బయట ఎవరిని ఉంచారు? గుడిని అడిగి చర్చిని వదిలేస్తే అది న్యాయం కాదు. మాలల చర్చి, మాదిగల చర్చి వేరువేరుగా ఉన్న ఊళ్ళు మనకు తెలుసు. సమానత్వం చెప్పే ప్రతి మతంలోనూ శ్మశానం దగ్గర ఏం జరుగుతుందో చూడాలి. నాలుగోది, శిక్షణకు వచ్చిన పంతులు ముందు తన ఇంటి గురించి తాను రాసుకోవాలి. మా ఇంట్లో ఎవరి దేవుడిని తక్కువ చేసి మాట్లాడారు, ఎవరికి గ్లాసు వేరుగా పెట్టారు అని. తన కులాన్ని చూసుకోని పంతులు ఇంకొకరి మతాన్ని గౌరవంగా చూడలేడు.

ఇవేవీ పెద్ద బడ్జెట్టు కావాల్సిన పనులు కావు. టీచింగ్ ప్రాక్టీసుకు పోయే ముందు కొన్ని వారాల చదువు, కొంత నిజాయితీ చాలు. మా క్లాసులో ఆ రోజు నవ్విన పిల్లల్లో కొందరు ఇవాళ పంతుళ్ళయ్యారు. వాళ్ళ క్లాసులో కూడా ఒక పిల్లవాడు లేవకుండా కూర్చుని ఉంటాడు. వాడిని లేపకుండా పాఠం చెప్పడం ఎట్లాగో ఆ పంతుళ్ళకు నేర్పాలి. సర్వమత శిక్షణ అక్కడినుంచే మొదలుకావాలి.