బ్లడ్‌హౌండ్ (పోలీసు జాగిలం)

బ్లడ్‌హౌండ్ మనిషి వాసనను పసిగట్టి, దాని వెంట నడిచి ఆచూకీ తెలుసుకోవడంలో పేరు పొందిన ఒక వేటకుక్క జాతి. తప్పిపోయిన పిల్లలను, మతిమరుపు వ్యాధితో ఇల్లు విడిచి వెళ్ళిన వృద్ధులను, పరారైన నేరస్థులను వెదకడానికి అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని పలు స్థానిక పోలీసు, షెరీఫ్ కార్యాలయాలు తమ జాగిలాల దళాలలో ఈ జాతిని చేర్చుకున్నాయి. ఈ జాగిలం దర్యాప్తుకు దారి చూపగలదు. అయితే అది చూపిన దారి ఒక్కటే నేరానికి రుజువు కాజాలదు.

పుట్టుక, పేరు

నేటి బెల్జియంలోని ఆర్డెన్ అటవీప్రాంతంలో సెయింట్ హ్యూబర్ట్ మఠవాసులు పెంచిన వేటకుక్కలు ఈ జాతికి మూలమని సంప్రదాయంగా చెబుతారు. ఫ్రెంచి భాషలో దీనిని నేటికీ సెయింట్ హ్యూబర్ట్ కుక్క అనే పిలుస్తారు. గాయపడిన జంతువు రక్తపు జాడను వెంబడించేది కనుక బ్లడ్‌హౌండ్ అన్న పేరు వచ్చిందని కొందరు, వంశశుద్ధి గలదన్న అర్థంలో వచ్చిందని మరికొందరు అంటారు. దొంగలను వెంబడించడానికి ఈ కుక్కలను వాడడం గురించి 16వ శతాబ్దపు ఆంగ్ల వైద్యుడు జాన్ కీస్ రాశాడు. స్కాట్లండ్ సరిహద్దు ప్రాంతంలో ఇటువంటి కుక్కలను 'స్లూత్ హౌండ్' అనేవారు. స్లూత్ అంటే జాడ. ఇంగ్లీషులో అపరాధ పరిశోధకుడిని స్లూత్ అనడం ఈ కుక్క పేరు నుండి వచ్చినదే.

శరీర లక్షణాలు

మగ కుక్క ఎత్తు 63 నుండి 69 సెంటీమీటర్లు, బరువు 41 నుండి 50 కిలోలు ఉంటుంది. ఆడ కుక్క ఇంతకంటె కొంచెం చిన్నది. పొడవుగా వేలాడే చెవులు, ముడతలు పడిన ముఖచర్మం, విశాలమైన ముక్కు దీని గుర్తులు. వాసనలను గుర్తించే జన్యువులు మనిషిలో సుమారు 400 పనిచేస్తుండగా, కుక్కలలో వాటి సంఖ్య దాదాపు రెట్టింపు. బ్లడ్‌హౌండ్‌కు ఈ సహజశక్తితో పాటు, పట్టిన వాసనను గంటల తరబడి వదలని పట్టుదల కూడా ఉంటుంది. స్వభావం సాధువు. వెదుకుతున్న మనిషి కనబడినప్పుడు సాధారణంగా కరవదు.

జాగిలాల దళంలో స్థానం

జర్మన్ షెపర్డ్, బెల్జియన్ మాలినోయిస్ వంటి జాతులు గస్తీకి, పారిపోయేవారిని పట్టి నిలపడానికి, మాదకద్రవ్యాలను, పేలుడు పదార్థాలను కనుగొనడానికి ఉపయోగపడతాయి. జాడ తీయడంలో వీటికి ఇచ్చే శిక్షణ చాలావరకు అడుగు పడిన చోట నలిగిన గడ్డి, కదిలిన మట్టి వాసనలపై ఆధారపడుతుంది. బ్లడ్‌హౌండ్ ఒక నిర్ణీత వ్యక్తి వాసననే అనుసరిస్తుంది. మనిషి నడిచేటప్పుడు రాలే సూక్ష్మమైన చర్మకణాలను గాలి పక్కకు మోసుకుపోతుంది. అందువల్ల ఈ జాగిలం అడుగుజాడకు కొన్ని గజాల దూరంలో నడుస్తూ కూడా సరైన దిశలోనే పోగలదు. ఇతరుల వాసనలతో కలిసిపోయిన చోట కూడా కావలసిన వాసనను వేరుచేయడం దీని ప్రత్యేకత.

ఇందుకు మొదట వాసన చూపే వస్తువు కావాలి. ఆ వ్యక్తి ధరించిన బట్ట, చెప్పు, తలగడ గలేబు వంటివి ఇందుకు పనికివస్తాయి. వాటిని ఇతరులు తాకితే వాసనలు కలిసిపోతాయి. కాబట్టి జాగిలం వచ్చేవరకు ఆ చోటికి జనాన్ని రానివ్వకపోవడం, వస్తువును శుభ్రమైన చేతితొడుగుతో తీసి భద్రపరచడం ముఖ్యం. చల్లని, తేమగల వాతావరణంలో వాసన ఎక్కువసేపు నిలుస్తుంది. మండుటెండ, పొడిగాలి, సిమెంటు రోడ్లు దీనికి ప్రతికూలం.

శిక్షణ, పోషణ

శిక్షణ కూనగా ఉన్నప్పుడే ఆటగా మొదలవుతుంది. పరిచయస్థుడొకడు కొద్ది దూరం పరుగెత్తి దాక్కుంటే కూన వెదకి పట్టుకుంటుంది. క్రమంగా దూరాన్ని, జాడ వేసిన తరువాత గడిచే కాలాన్ని పెంచుతూ, ఇతరులు అడ్డంగా నడిచిన దారులను జోడిస్తారు. జాగిలానికి ఛాతీపట్టీ తొడిగి, పొడవైన తాడు పట్టుకొని హ్యాండ్లర్ వెనుక నడుస్తాడు. జాగిలం తల ఎత్తే తీరును, తాడు బిగువును బట్టి అది వాసన మీద ఉన్నదీ లేనిదీ గ్రహించడం అతని నేర్పు. తనకు ముందే తెలిసిన సమాధానం వైపు అతడు తెలియకుండానే జాగిలాన్ని నడిపించే ప్రమాదం ఉంది. అందుచేత హ్యాండ్లర్‌కు దారి తెలియని పరీక్షలు జరపడం, విజయాలతో పాటు వైఫల్యాలను కూడా నమోదు చేయడం అవసరం. ఈ జాతికి కడుపు ఉబ్బి మెలిపడే ప్రాణాంతక స్థితి, చెవుల వ్యాధులు ఎక్కువ. పోషణ ఖర్చు కూడా ఎక్కువే.

చరిత్రలో వినియోగం

1888 అక్టోబరులో లండన్‌లో జాక్ ది రిప్పర్ హత్యల దర్యాప్తు సందర్భంగా బార్నబీ, బర్గో అనే రెండు బ్లడ్‌హౌండ్‌లను ఉద్యానవనాలలో పరీక్షించారు. పోలీసు కమీషనర్ చార్లెస్ వారెన్ స్వయంగా పారిపోయే వ్యక్తి పాత్ర వహించాడు. నవంబరు 9న మరో హత్య జరిగినపుడు, జాగిలాలు వస్తాయన్న ఆశతో పోలీసులు తలుపు తెరవకుండా రెండు గంటలకు పైగా వేచి ఉన్నారు. అవి ఆ సమయానికి అందుబాటులో లేవు. దూరం నుండి రప్పించే జాగిలం కంటె స్థానిక దళంలోనే ఉన్న జాగిలం ఎందుకు మేలో ఈ ఘటన తెలుపుతుంది.

20వ శతాబ్దారంభంలో అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో కెప్టెన్ ముల్లికిన్ పెంచిన నిక్ కార్టర్ అనే బ్లడ్‌హౌండ్ 600కు పైగా కేసులలో తోడ్పడినట్లు చెబుతారు. మార్టిన్ లూథర్ కింగ్ హత్యకేసులో శిక్ష అనుభవిస్తున్న జేమ్స్ ఎర్ల్ రే 1977 జూన్ 10న టెనెసీ రాష్ట్రంలోని బ్రషీ మౌంటెన్ జైలు నుండి పారిపోయాడు. 13వ తేదీ తెల్లవారుజామున ఆకుల కింద దాగి ఉన్న అతనిని బ్లడ్‌హౌండ్‌లు పట్టించాయి.

ఈ చరిత్రకు చీకటి పార్శ్వం కూడా ఉంది. అమెరికా దక్షిణ రాష్ట్రాలలో పారిపోయిన నల్లజాతి బానిసలను కుక్కలతో వేటాడించేవారు. వాటిని బ్లడ్‌హౌండ్‌లనే పిలిచినా, వాటిలో చాలావరకు క్యూబా నుండి తెచ్చినవి, సంకరజాతివి.

న్యాయస్థానాల దృష్టిలో

కుక్క సాక్ష్యం చెప్పలేదు, దానిని ఎదురు ప్రశ్నించడం సాధ్యం కాదు. 1983లో కాలిఫోర్నియా అప్పీళ్ళ న్యాయస్థానం మాల్‌గ్రెన్ కేసులో ఇటువంటి ఆధారానికి షరతులు విధించింది. హ్యాండ్లర్ అర్హత, జాగిలం శిక్షణ, దాని విశ్వసనీయత నిరూపించాలి. నేరస్థుడు తిరిగిన చోటనే జాడ మొదలుపెట్టి ఉండాలి. ఆ జాడ పాతబడి, చెదిరిపోయి ఉండరాదు.

టెక్సాస్‌లో 2004లో జరిగిన ఒక హత్యకు సంబంధించి, మూడేళ్ళ తరువాత అనుమానితుల వాసనలను వరుసగా ఉంచి బ్లడ్‌హౌండ్‌లతో పోల్చి చూశారు. దాని ఆధారంగా విన్‌ఫ్రీ అనే వ్యక్తికి శిక్ష పడింది. వాసన పోలిక ఒక్కటే శిక్షకు చాలదని 2010లో ఆ రాష్ట్ర అత్యున్నత క్రిమినల్ న్యాయస్థానం తీర్పునిచ్చి అతనిని నిర్దోషిగా విడుదల చేసింది.

తెలుగు రాష్ట్రాలలో

తెలుగు రాష్ట్రాల పోలీసు డాగ్ స్క్వాడ్‌లలో జర్మన్ షెపర్డ్, లాబ్రడార్, డాబర్‌మన్ వంటి జాతులు ప్రసిద్ధం. హైదరాబాదు సమీపంలోని మొయినాబాద్‌లో జాగిలాలకు, వాటి హ్యాండ్లర్లకు శిక్షణ ఇచ్చే కేంద్రం ఉంది. నేరం జరిగిన ఇంటి నుండి బయలుదేరిన జాగిలం ప్రధాన రహదారి వరకు వెళ్ళి ఆగిపోవడం పత్రికలలో తరచు కనిపించే వార్త. అక్కడ నేరస్థుడు వాహనం ఎక్కి ఉండవచ్చన్న సూచన దర్యాప్తుకు పనికివస్తుంది. గాదె లక్ష్మీ మంగరాజు వర్సెస్ ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం కేసులో 2001లో సుప్రీంకోర్టు ఈ విషయాన్ని పరిశీలించింది. జాగిలం పొరబడవచ్చు, దాని చేష్టలను హ్యాండ్లర్ తప్పుగా అర్థం చేసుకోవచ్చు. కనుక దర్యాప్తులో జాగిలాల సాయం తీసుకోవచ్చు గాని, న్యాయనిర్ణయానికి దానిపై ఆధారపడడం తగదని న్యాయస్థానం అభిప్రాయపడింది.