వేపకు పాకిన తీగ, తొంభై ఆరు గుంటలు

బొగ్గు లారీలు రోడ్డెక్కకముందే భూపాలపల్లి అడవి అంచున ఉన్నారు మీరు. ముసలాయన కొడవలి కొక్కెంతో వేపకొమ్మ మీది తిప్పతీగను కిందికి గుంజుతున్నాడు.

"వేపకు పాకిందే కొయ్యాలె బిడ్డా. తుమ్మకు పాకింది దేనికీ రాదు."

వేలు లావు తీగ. ఒంటినిండా బొడిపెలు, పైనుంచి దారాల్లా వేలాడే ఊడలు. అడ్డంగా కోస్తే బండిచక్రం ఆకుల్లా గీతలు. ఒక ముక్క కొరకండి. చేదు గొంతులోకి దిగి అక్కడే కూర్చుంటుంది.

ఇది మూడో సంచి. మొదటిది జనగామలో ఒక పెరటి కంచె మీదిది, రెండోది మహబూబాబాద్ జిల్లా గూడూరు దగ్గరిది. మూడింటినీ నీడలో ఎండబెట్టి, పొడి కొట్టి, సగం ఆల్కహాలులో నానబెడతారు. మిగతా సగాన్ని ముసలాయన కుండలో కాచుకున్నట్టే నీళ్లలో కాస్తారు. ఈ రెండో పని చాలామంది మానేస్తారు. నాకది పెద్ద పొరపాటుగా కనిపిస్తుంది.

ఇక ప్రయోగశాల. అరచేతిలో పట్టే ప్లాస్టిక్ పళ్లెం, అందులో 96 గుంటలు. గుంట అడుగున ఎలుక మాక్రోఫేజ్ కణాలు, అంటే ఒంట్లో చొరబడ్డ క్రిములను మింగే కాపలా కణాలు. 37 డిగ్రీల వెచ్చదనం, 5 శాతం కార్బన్ డయాక్సైడ్. కషాయం చుక్క వేసి ఒక రోజు ఆగాలి. మర్నాడు గ్రీస్ ద్రావణం కలపగానే కొన్ని గుంటలు గులాబీ రంగెక్కుతాయి. కణాలు మేల్కొని నైట్రిక్ ఆక్సైడ్ వదిలాయన్నమాట.

"అప్పుడే సంబరపడకండి," అంటుంది పక్కనున్న పరిశోధక విద్యార్థిని.

తీగకు అంటిన మట్టిలో బ్యాక్టీరియా ఉంటుంది. దాని పైపొరలోని ఎల్‌పీఎస్ అనే పదార్థం రవ్వంత ఉన్నా ఈ కణాలు ఉలిక్కిపడతాయి. కాచినా ఎల్‌పీఎస్ పోదు. చిక్కేమిటంటే, భాభా అణు పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు తిప్పతీగలోంచి తీసిన జీ1-4ఏ అనే చక్కెర గొలుసు కూడా, ఎల్‌పీఎస్ తట్టే టీఎల్ఆర్4 అనే కణం తలుపునే తడుతుంది. ఆ గొలుసు నీళ్లలో కరుగుతుంది, ఆల్కహాలులో కరగదు. ముసలాయన కుండను పక్కన పెట్టకూడదన్నది అందుకే.

ఎల్‌పీఎస్‌ను పట్టి బంధించే పాలీమిక్సిన్-బి కలిపి ఆమె మళ్లీ పళ్లెం పెడుతుంది. రంగు పోతే అది మట్టి పని. నిలిస్తే మొక్క వైపు చూడవచ్చు.

కణాలను మేల్కొలపడం మంచిదేనా అన్నది వేరే లెక్క. తిప్పతీగ వాడాక కాలేయం దెబ్బతిన్న ఆరుగురి గురించి ముంబై వైద్యులు 2021లో రాశారు; అలా ముడిపెట్టడం సరికాదని ఆయుష్ శాఖ అంది. రోజూ కషాయం తాగేవాళ్లు ఆ సంగతి డాక్టరు దగ్గర దాచకండి.