గుంజాల ఇళ్లలోని గ్రంథభాండాగారం

గోండుల గోత్రకథలను, వారి దేవతల పుట్టుపూర్వోత్తరాలను ‘కిక్రి’ అనే తీగవాద్యాన్ని కమానుతో పలికిస్తూ తరతరాలుగా పాడుతూ వచ్చినవారు పర్ధాన్లు. వారికి పాటే భాండాగారమనీ, రాతతో పని లేదనీ చాలాకాలం నెలకొని ఉన్న అభిప్రాయం ఎంత తొందరపాటుదో ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలంలోని గుంజాల గ్రామం తేటతెల్లం చేసింది. ఆచార్య జయధీర్ తిరుమలరావు నాయకత్వంలో హైదరాబాద్ విశ్వవిద్యాలయ పరిశోధక బృందం ఆ ఊరికి వెళ్లినప్పుడు, గోండీ భాషలో, ఒక ప్రత్యేక లిపిలో రాసిన డజనుదాకా రాతప్రతులు వెలుగు చూశాయి.

ఆ లిపి వరుసే పరిశీలించదగినది. తెలుగు, దేవనాగరి వర్ణమాలలలో హల్లులు ‘క’తో మొదలవుతుండగా, ఇక్కడ అవి ‘య’తో మొదలై, ‘వ, బ, భ, మ’ల తరువాత గాని ‘క’ను చేరవు, పొరుగు లిపిని చూసి రాసుకున్నవారు ఇటువంటి వరుసను పాటించి ఉంటారని నమ్మడం కష్టం. ప్రతుల కాలం 1750 ప్రాంతమని ఒక అంచనా ఉన్నప్పటికీ, ఆంగ్లేయులపై తిరగబడినందుకు 1860లో నిర్మల్‌లో ఉరితీతకు గురైన రాంజీ గోండు ప్రస్తావన కూడా వాటిలో ఉన్నందున, అవన్నీ ఒక్క కాలంలో పుట్టినవి కావనీ, చేతులు మారుతూ పెరిగినవనీ భావించడమే సమంజసం.

నిజాం పాలనపై తిరగబడిన గోండు నాయకుడు కుమ్రం భీము 1940లో జోడేఘాట్‌లో మరణించిన తరువాత, గోండుల స్థితిగతుల అధ్యయనానికి నిజాం ప్రభుత్వం నియమించిన మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్, అప్పట్లో ఆదిలాబాద్ జిల్లాలోనే ఉన్న మార్లవాయిలో నివసించి గోండు పిల్లల చదువుకు పునాది వేశాడు. ఆయన కృషి నిస్సందేహంగా గొప్పది. అయినా ఆనాటి గోండీ వాచకాలు దేవనాగరిలో అచ్చయ్యాయి. గుంజాల లిపి బడి మెట్లెక్కలేదు. ఆయన తీసిన ఛాయాచిత్రాలు, చలనచిత్రాలు లండన్ విశ్వవిద్యాలయంలోని ప్రాచ్య, ఆఫ్రికా అధ్యయన సంస్థ భాండాగారానికి చేరాయి. గోండు జీవితపు దృశ్యసంపదను చూడగోరే పరిశోధకుడు సముద్రాలు దాటవలసి రాగా, గోండీ రాత మాత్రం ఊళ్లోనే ఉండిపోయింది.

అయితే ఊళ్లో ఉన్నంత మాత్రాన రాత బతకదు, దానిని చదివేవారూ ఉండాలి. పరిశోధకులు వెళ్లేనాటికి ఆ లిపి తెలిసినవారు కొద్దిమంది వృద్ధులే. ప్రతులను సేకరించడం కన్నా, ఆ పెద్దలు బతికి ఉండగానే వారి పక్కన కూర్చుని ఒక్కొక్క అక్షరానికీ ఉచ్చారణ నిర్ధారించుకోవడమే ఆ సందర్శనలలో అసలైన, ఆలస్యానికి తావివ్వని పని. దాని ఫలితంగా 2014లో కంప్యూటర్ అక్షరరూపం విడుదలైంది. ప్రపంచ లిపులకు అక్షరానికొక సంఖ్యను కేటాయించే యూనికోడ్ ప్రమాణంలోకి 2018లో ఈ లిపి ప్రవేశించింది. మున్షీ మంగళ్‌సింగ్ మసరాం 1918లో రూపొందించిన మరో గోండీ లిపి అంతకు ఏడాది ముందే ఆయన ఇంటిపేరుతో అక్కడ చోటు సంపాదించగా, దీనికి ఏ వ్యక్తి పేరూ కాక గుంజాల అనే ఊరి పేరే స్థిరపడింది.