మన జిల్లాల్లో అందరికన్నా గొప్పోడెవరు?

గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఎవర్నైనా ఆపి ఈ ప్రశ్న అడగండి. రెండు సెకన్లలో ఒక పేరు చెప్పేస్తారు. ఆ పేరుని బట్టి చెప్పినవాడిది ఏ ఊరో, ఏ వీధో, ఇంకాస్త తెలివుంటే ఇంటిపేరు ఏమై ఉంటుందో కూడా మనం ఇంకో రెండు సెకన్లలో చెప్పేయొచ్చు. నాకున్న ఇబ్బందంతా అక్కడే.

ఆమధ్య నరసరావుపేటలో ఇంజినీరింగ్ చదువుతున్న మా బాబాయి కొడుకు రూముకి వెళ్ళాను. మావాడు కాక ఇంకో నలుగురున్నారు. ఒకడిది ఒంగోలు, ఒకడిది చీరాల, ఒకడిది మాచర్ల వైపు, ఒకడిది వినుకొండ. అందరి ఇళ్ళల్లోనూ పత్తో మిర్చో ఏదో ఒకటి ఉన్నట్టుంది, మాటలు మిర్చి యార్డు రేట్ల దగ్గర మొదలయ్యాయి. అక్కణ్ణుంచి ఎలా మళ్ళిందో ఏమో, మన ప్రాంతం చరిత్రలో అందరికన్నా గొప్పోడెవరు అన్నదాని మీదకి వచ్చింది. సినిమా హీరోల మీద కాకుండా చరిత్ర మీద కొట్టుకునే కుర్రాళ్ళు దొరకడమే అపురూపం కదా, నేను నోరు మూసుకుని విన్నాను.

ఒంగోలు కుర్రాడు వెంటనే టంగుటూరి ప్రకాశం పంతులు అన్నాడు. 1872లో వినోదరాయునిపాలెంలో పుట్టాడు, తండ్రి పోతే తల్లి ఒంగోల్లో పూటకూళ్ళ ఇల్లు నడిపి పెంచింది, లండన్ వెళ్ళి బారిస్టరయ్యాడు, లక్షలు తెచ్చే ప్రాక్టీసు వదిలేసి ‘స్వరాజ్య’ పత్రిక పెట్టి ఆస్తంతా పోగొట్టుకున్నాడు. 1928లో సైమన్ కమిషన్ వచ్చినప్పుడు మద్రాసులో పోలీసు తుపాకీకి ఎదురుగా చొక్కా విప్పి నిలబడ్డాడు. 1953లో ఆంధ్ర రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి. "జిల్లాకే ఆయన పేరుంది, ఇంకా వాదనేంట్రా?" అన్నాడు.

చీరాల వాడు ఒప్పుకోలేదు. వాడి ఓటు దుగ్గిరాల గోపాలకృష్ణయ్యకి. చీరాల, పేరాలని కలిపి ప్రభుత్వం మునిసిపాలిటీ చేసింది, పన్నులు ఎన్నో రెట్లు పెరిగాయి. మాకొద్దు మొర్రో అని జనం మొత్తుకున్నా వినలేదు. మునిసిపాలిటీ హద్దులోనే లేకపోతే పన్నెవడు వేస్తాడు? 1921లో దుగ్గిరాల మాట మీద సుమారు 13 వేల మంది ఇళ్ళు వదిలేసి ఊరి బయట రామ్‌నగర్ అని పాకలు వేసుకుని దాదాపు పదకొండు నెలలున్నారు. "ఒక మనిషి మాట మీద ఊరు ఊరంతా ఖాళీ అయిందన్నా! ఇంకెక్కడన్నా విన్నావా?" అని నన్నడిగాడు. (అన్నట్టు చీరాల అప్పుడు గుంటూరు జిల్లా, 1970 నుంచి ప్రకాశం, 2022 నుంచి బాపట్ల. ఊరు కదల్లేదు, జిల్లాలే కదిలాయి :) )

మాచర్ల వాడు కన్నెగంటి హనుమంతు అన్నాడు. పల్నాడు అడవుల్లో పశువుల్ని మేపుకోడానికి పుల్లరి కట్టాలన్నారు. కట్టం అన్నాడు. 1922 ఫిబ్రవరిలో మించాలపాడు దగ్గర కాల్చి చంపారు. "మీవాళ్ళిద్దరూ సీమకి వెళ్ళి చదువుకొచ్చిన దొరబాబులు. మావాడు రైతు. ప్రాణం ఇచ్చాడు." దీనికి కాసేపు ఎవరూ ఏమీ అనలేకపోయారు.

వినుకొండ కుర్రాడు మాత్రం అప్పటిదాకా ఫోన్ చూసుకుంటూ ఉన్నాడు. నీ మాటేంట్రా అంటే "జాషువా" అన్నాడు. "కవిత్వం వేరు, చరిత్ర వేరు" అని ఒకడు కొట్టిపారేశాడు. అప్పుడు వాడు చెప్పిన మాట ఇది: "మీవాళ్ళు ముగ్గురూ తెల్లోడితో కొట్లాడారు. జాషువా మనతో కొట్లాడాడు."

వాళ్ళ డిబేట్ ఆ రాత్రి ఎవరూ గెలవకుండానే అయిపోయింది. నాకు మాత్రం ఆ ఒక్క వాక్యం కొలబద్దలా పనికొచ్చేట్టుంది అనిపించింది.

ఎందుకంటే తెల్లవాడితో పోరాడినవాణ్ణి ఇవాళ మనం మెచ్చుకోడానికి మనకేమీ ఖర్చవదు. పుల్లరి వసూలు చేసినవాడు పోయాడు, సైమన్ పోయాడు. వాళ్ళ వైపు వాదించేవాడు మన వీధిలో ఎవడూ లేడు. కాబట్టి ఫ్లెక్సీ కట్టి, దండ వేసి, "మావాడు" అనేసుకోవచ్చు. జయంతి రోజున ఏ విగ్రహం దగ్గర ఎవరు చేరతారో చూస్తే మన ఊళ్ళల్లో ఈ పంపకం ఎంత పక్కాగా జరిగిపోయిందో తెలుస్తుంది. కోడ్ రివ్యూలో అన్నిటికీ ఓకే కొట్టేసేవాడు అందరికీ ఇష్టుడే, కానీ వాడివల్ల ప్రోగ్రాం బాగుపడదు. మనల్ని ఒక్క మాటా అనని మహానుభావుడు కూడా అంతే.

నిజానికి పై ముగ్గురి కథల్లోనూ మనవాళ్ళతో పేచీ ఉంది, ఫ్లెక్సీ మీదకి ఎక్కదంతే. ప్రకాశం పంతుల్ని 1947లో మద్రాసు ప్రధాని పదవి నుంచి దింపింది తెల్లవాడు కాదు, సొంత కాంగ్రెస్ వాళ్ళు. 1954లో మద్యనిషేధం గొడవ మీద అవిశ్వాసం నెగ్గించి పడగొట్టింది మన శాసనసభ్యులే. దుగ్గిరాలని బరంపురంలో అరెస్టు చేసి జైల్లో పెట్టాక ఉద్యమం చల్లబడింది, జనం వెనక్కి వచ్చారు, మునిసిపాలిటీ ఉండిపోయింది. ఆయన 1928లో క్షయతో 39 ఏళ్ళకే పోయాడు. హనుమంతు సంగతి ఇంకా చేదు. చౌరీచౌరా తర్వాత 1922 ఫిబ్రవరి 12న బార్డోలీలో కాంగ్రెస్ పెద్దలు శాసనోల్లంఘన ఆపేశారు. పెదనందిపాడు ఫిర్కాలో రైతులు మొదలుపెట్టిన పన్నుల నిరాకరణా అక్కడితో ఆగింది. హనుమంతు చనిపోయింది ఆ నిర్ణయం తర్వాత. పైవాళ్ళు ఆపేసిన పోరాటంలో కిందవాడు ప్రాణం పెట్టాడు. "మావాడు" అనేవాళ్ళు ఈ ముక్క దగ్గర ఒక్క నిమిషం ఆగాలి కదా?

ఇప్పుడు జాషువా దగ్గరకి వద్దాం. 1895లో వినుకొండలో పుట్టాడు. తల్లిదండ్రులది కులాంతర వివాహం, ఇల్లు క్రైస్తవం. పురాణ కథల మీద పద్యాలు రాస్తే చర్చి వాళ్ళకి కోపం, పుట్టుక చూసి పండితులకి చిన్నచూపు. రాజమండ్రిలో మూకీ సినిమాలకి కథ చదివి వినిపించే ఉద్యోగం చేశాడు, బడిపంతులుగా చేశాడు. 1941లో ‘గబ్బిలం’ వచ్చింది. గుడిలోకి రానివ్వని మనిషి తన గోడు శివుడికి చెప్పమని గబ్బిలాన్ని బతిమాలుకుంటాడు, ఎందుకంటే దానికి గుళ్ళో చోటుంది, ఇతనికి లేదు. ఆ తలుపు వేసింది బ్రిటిష్ కలెక్టర్ కాదు. మన తాతలు.

ఇదే కొలతలో ఇంకో జంట కూడా నిలబడుతుంది, ఆ రూములో ఎవరికీ గుర్తురాలేదు. ఉన్నవ లక్ష్మీనారాయణ, ఆయన భార్య లక్ష్మీబాయమ్మ. ఆయన బారిస్టరు, పల్నాడు పుల్లరి గొడవలో జైలుకి వెళ్ళాడు. అక్కడ తెల్లవాణ్ణి తిడుతూ ఊరుకోలేదు. ఊరి చివర పల్లెలో బతికే కుటుంబాన్ని కథలో మధ్యకి తెచ్చి ‘మాలపల్లి’ రాశాడు. 1922లో వచ్చింది, ప్రభుత్వం నిషేధించింది. అదే ఏడు గుంటూరులో ఆడపిల్లల కోసం శారదా నికేతనం పెట్టారు. అయితే ఉన్నవ ఆ పల్లెని బయటినుంచి చూసి రాశాడు, జాషువా లోపలినుంచి మాట్లాడాడు. అందుకే నా ఓటు కూడా వినుకొండ కుర్రాడి వైపే.

జాషువా కూడా "మావాడు" అయిపోయే ప్రమాదం లేదా అంటే ఉంది. విగ్రహాలున్నాయి, సభలున్నాయి, పద్యాలు పాడి చప్పట్లు కొట్టించుకోవడమూ ఉంది. ఇవాళ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ హైదరాబాదులో ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు "మీరేమిట్లు?" అని అడిగేవాడు కూడా ఆ పద్యాలకి చప్పట్లు కొడతాడు. అడగడం మానడు.

కాబట్టి ఈ ప్రశ్న మీద ఎవరు వాదించుకున్నా నాదొక చిన్న రూలు. పేరు ఎవరిదైనా చెప్పండి, పక్కన ఇంకో వాక్యం కూడా చెప్పండి: ఆయన ఇప్పుడు మా ఇంటికొస్తే మమ్మల్ని ఏమని నిలదీస్తాడు? ఆ వాక్యం రాకపోతే, మనం పొగిడేది ఆయన్ని కాదు, మనల్నే.