సానూర్ తీరంలో ఒకే ముఖం

1906 సెప్టెంబరులో డచ్చి సైన్యం బాలి దీవిలోని సానూర్ తీరాన దిగి దెన్‌పసార్ మీదికి నడిచింది. బాడుంగ్ రాజు లొంగలేదు. తెల్లబట్టలు కట్టి, పరివారంతో సహా తుపాకులకు ఎదురు వెళ్లాడు. ఆ సామూహిక ఆత్మార్పణకు పుపుతాన్ అని పేరు. పాతికేళ్లు తిరిగేసరికి అదే డచ్చి ఏలుబడిలో బాలి అంటే భూలోక స్వర్గమన్న ప్రచారం ఐరోపా అంతటా సాగుతోంది. ఓడల కంపెనీ కె.పి.ఎం. 1928లో దెన్‌పసార్‌లో హోటలే తెరిచింది. 1932లో బెల్జియం చిత్రకారుడు ఆద్రియన్ జాన్ లె మేయర్ ఆ దీవికి వచ్చాడు.

అప్పటికతనికి 52 ఏళ్లు. బ్రస్సెల్స్‌లో పుట్టాడు. తండ్రి సముద్ర చిత్రకారుడే, అయినా కొడుకు మాత్రం ఇంజినీరు కావాలన్నాడు. కొడుకు ఆ చదువు చదివి కుంచె పట్టాడు. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత ఉత్తరాఫ్రికా, భారతదేశం, తాహితి తిరిగాడు. అతనిది ఇంప్రెషనిస్టుల బాట: నీడలోనూ నలుపు వాడకుండా ఊదా, నీలం వేయడం, ఎండ మారేలోగా గీత ముగించడం. కాశీ ఘాట్ల మీదైనా ఎడారి సంతలోనైనా అతని చూపు మొదట వెలుగు మీదే పడుతుంది. మనుషులు ఆ వెలుగు తగిలే చోట్లు మాత్రమే. గుంపును గీసినంత కాలం ఈ లోపం పెద్దగా కనపడదు.

బాలిలో కనపడుతుంది. అక్కడ లెగాంగ్ నర్తకి ని పొల్లోక్ అతనికి మోడల్ అయింది. వయసు 15. ఆమె చిత్రాలతో 1933లో సింగపూర్‌లో పెట్టిన ప్రదర్శనలో బొమ్మలు బాగా అమ్ముడుపోయాయి. సానూర్‌లో స్థలం కొని ఇల్లు కట్టుకున్నాడు. 1935లో ఆమెను పెళ్లాడాడు. దూరదేశపు స్త్రీలను గీసిన ఐరోపా చిత్రకారుల్లో చాలామంది మోడళ్ల పేర్లు కూడా మనకు మిగల్లేదు. పొల్లోక్ పేరు మిగిలింది, ఇల్లూ మిగిలింది. ఆ మాట ఒప్పుకోవాల్సిందే. కానీ కాన్వాసు మీద ఆమెకు వయసు రాలేదు. ఒకే చిత్రంలో మగ్గం దగ్గరా ఆమే, తామరకొలను పక్కనా ఆమే, పూలు పట్టుకున్నదీ ఆమే అనిపిస్తుంది. ఊళ్లో ముసలివాళ్లు, చేపలు పట్టేవాళ్లు లేరా? ఉన్నారు, అతనికి అక్కర్లేకపోయారు. జపాను ఆక్రమణ కాలంలో కాన్వాసు దొరక్క గోనెలాంటి ముతక నేత మీద గీశాడు. ఆ గరుకుదనంలో రంగు ఇంకిపోవడం వల్ల ఈ బొమ్మలే నాకు ఎక్కువ నిజాయితీగా తోస్తాయి.

1957లో ఇంటినీ చిత్రాలనూ ఇండొనేషియా ప్రభుత్వానికి రాసిచ్చాడు. మరుసటి ఏడు బ్రస్సెల్స్‌లో మరణించాడు. పొల్లోక్ 1985లో పోయేదాకా ఆ ఇంట్లోనే ఉంది. పక్కనే 1966లో బహుళ అంతస్తుల బాలి బీచ్ హోటల్ లేచింది.

1930లలోనే సానూర్ కుర్రాళ్లు కొందరు కాగితం మీద నల్లసిరాతో బొమ్మలు వేసేవారు. సముద్ర జీవులు, పడవలు, ఊరి పనులు వాళ్ల వస్తువులు. ఇద బాగుస్ న్యోమన్ రాయి వారిలో ఒకడు. ఇప్పుడు మ్యూజియమైన లె మేయర్ ఇంటికి వెళ్లేవారు ఆ సిరాబొమ్మలను కూడా వెతికి చూడాలి. ఒకే ఊరు, దాదాపు ఒకే కాలం. పొల్లోక్ భర్త వదిలేసిన పనిపాటల సానూర్ ఆ కుర్రాళ్ల కాగితాల మీద ఉంది.