గట్టుకు ఇవతల: రాజమహేంద్రవరం తీరపు పాత పట్టణం

పాపికొండల ఇరుకు దాటి మైదానంలోకి వచ్చిన గోదావరి, ధవళేశ్వరం దగ్గర గౌతమి, వసిష్ఠ పాయలుగా చీలేలోపు ఒకే ప్రవాహంగా సాగే భాగాన్ని అఖండ గోదావరి అంటారు. ఆ అఖండ గోదావరికి ఎడమ ఒడ్డున, కొవ్వూరుకు ఎదురుగా, చుట్టుపక్కల నేలకన్నా కాస్త ఎత్తైన మిట్ట మీద రాజమహేంద్రవరం వెలసింది. వేంగీ చాళుక్యుల కాలం నుంచి, ముఖ్యంగా రాజరాజ నరేంద్రుడు (1022–1061) ఏలిన నాటి నుంచి ఈ పట్టణానికి రాజధానిగా పేరున్నా, పాత వీధుల పోకడ అర్థం కావాలంటే రాజుల వరుసకన్నా వరద నీటి పోకడను గమనించడమే మేలు. ఏటా శ్రావణ భాద్రపదాల్లో పోటెత్తే నదికి భయపడుతూనే, నదిని విడిచి బతకలేని జనం కట్టుకున్న ఊరు ఇది.

ఊరికి మొదటి ఆకృతినిచ్చింది కోట. అది నేలమట్టమై చాలా కాలమైనా కోటగుమ్మం కూడలి నేటికీ ఆ పేరుతోనే ఉంది. అక్కడి ప్రధాన వీధిలో ఉన్న మసీదు ద్వారం మీది పారశీక శాసనం 1324 నాటిది. ఓరుగల్లు పతనమైన మరుసటి ఏడే తుగ్లక్ వంశీయుల అధికారం ఈ తీరానికి చేరిందనడానికి అది సాక్ష్యం. 1758లో చందుర్తి యుద్ధంలో ఫ్రెంచివారు ఓడిపోవడంతో కోట ఆంగ్లేయుల వశమైంది, ఆ తరువాత సైనిక స్థావరంగా దాని అవసరం తగ్గిపోయింది. కోట పోయినా కోటగుమ్మం నుంచి పడమరగా ఏటి వైపు వాలే దారులు మాత్రం పోలేదు.

ఆ దారులు రేవుల దగ్గర ముగిసేవి. రేవు అంటే మనిషి నీటిలోకి దిగడానికీ, పడవ ఒడ్డున ఆనడానికీ అనువైన చోటు. కోటిలింగాల రేవు, మార్కండేయ స్వామి గుడి రేవు వంటివి స్నానాలకు ప్రసిద్ధి కెక్కినా, తీరం ఒక్క భక్తులదే కాదు, బట్టలుతికేవారిదీ, చేపలు పట్టేవారిదీ, కొవ్వూరు దాటించే పడవలవారిదీ. అన్నిటికన్నా ఊరి కట్టడాల మీద ముద్ర వేసింది కలప. భద్రాచలం వైపు మన్యపు అడవుల్లో కొట్టిన టేకు, వెదురు తెప్పలుగా కట్టి ప్రవాహంతో దించేవారు. ఇక్కడ ఒడ్డుకు లాగి అడితీల్లో, అంటే కలప నిల్వ చేసి అమ్మే స్థలాల్లో, పేర్చేవారు.

ఆ కలపతో లేచినవే పాత పేటల్లోని మండువా ఇళ్ళు. వీధి వైపు అరుగు, దాని మీద టేకు స్తంభాలు మోసే పంచ, గడప దాటాక పడసాల, నడుమ ఆకాశానికి తెరిచిన మండువా, వెనుక వంటిల్లు, పెరడు — ఇదీ వాటి వరుస. మండువాకు నాలుగు వైపులా ఉన్న పెంకుల కప్పు లోపలికే వాలి ఉండడం వల్ల వాన నీరు మండువాలోకే జారేది. చూరు కింద గంగాళాలు పెట్టి ఆ నీటిని పట్టుకునేవారు, మిగిలినది తూము గుండా వీధి కాలువలో కలిసేది. వేసవిలో వేడి గాలి ఆ తెరిచిన నడుమ గుండానే పైకి పోయి గదులు చల్లబడేవి. ఉక్కపోతతో అల్లాడే డెల్టా వాతావరణానికి ఇంతకన్నా తగిన ఇల్లు మరొకటి పుట్టలేదనే చెప్పాలి.

ఏటికీ ఊరికీ ఉన్న ఈ సంబంధాన్ని మార్చింది పంతొమ్మిదో శతాబ్దం. ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ముగించిన ధవళేశ్వరం ఆనకట్ట, నది కింది భాగాన కాలువలకు నీరివ్వడమే కాక, పై భాగాన నీటిని నిలబెట్టింది. ఇసుక తిన్నెల వెనక్కి జారిపోయే వేసవి గోదావరి పట్టణం ముందు నిలిచి ఉండే జలాశయమైంది. ఆ నీటిపారుదల వ్యవస్థకు తోడుగా వరద గట్లు పెరిగాయి. 1986 ఆగస్టు వరద తరువాత వాటిని మరింత ఎత్తు చేసి బలపరిచారు. ఊరిని కాపాడినది గట్టే, సందేహం లేదు. కానీ దాని వల్ల ఒకప్పుడు నేరుగా నీటిలోకి దిగిన వీధి ఇప్పుడు ముందు వాలుగానో మెట్లతోనో గట్టెక్కి, దాని మీది రోడ్డు దాటి, తిరిగి దిగవలసి వస్తోంది. అరుగు మీద కూర్చున్నవారికి గోదావరి కనిపించడం మానేసింది.

రెండో మార్పు రైలు. 1893 నాటికి తూర్పు తీరపు రైలు మార్గం సాగినా, వంతెన లేనందున కొవ్వూరుకూ ఈ ఒడ్డుకూ మధ్య ప్రయాణికులు పడవల మీదే దాటేవారు. 1900లో 56 ఖానాల హేవలాక్ వంతెన తెరుచుకోవడంతో, దాని కొసన గోదావరి స్టేషన్ వెలసి, ఊరి రాకపోకల కేంద్రం రేవుల నుంచి పట్టాల వైపు జరిగింది. 1974లో రోడ్డు కం రైలు వంతెన వచ్చాక కొవ్వూరు పడవలకు ఉన్న ప్రాధాన్యం కూడా పోయింది. హేవలాక్ వంతెన 1997లో విశ్రమించింది.

పడవలు, తెప్పలు వెళ్ళిపోయిన తీరాన్ని పన్నెండేళ్ళకోసారి వచ్చే పుష్కరాలు తమ అవసరాలకు తగ్గట్టు తిరిగి కట్టుకున్నాయి. 2015 నాటికి కోటిలింగాల ఘాట్ కిలోమీటరుకు పైగా పొడవున కాంక్రీటు మెట్లతో సాగింది. అయినా జనం గోదావరి స్టేషనుకు దగ్గరగా ఉన్న పుష్కర రేవుకే ఎగబడ్డారు. ఆ ఏడాది జూలై 14న దాని ప్రవేశం దగ్గర తొక్కిసలాటలో పాతిక మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. మెట్ల పొడవు ఎంత పెంచినా, ఊరిలోంచి అక్కడికి చేర్చే దారులు ఏ కాలపు రద్దీకి ఏర్పడ్డాయో పట్టించుకోకపోతే ఆ మెట్లు జనాన్ని పంచుకోలేవని ఆ దుర్ఘటన చూపింది. 2027 పుష్కరాలకు తీరం మళ్ళీ సిద్ధమవుతున్నప్పుడు ఘాట్లతో పాటు వాటి వెనుక ఉన్న పాత వీధులనూ, అపార్టుమెంట్ల కోసం ఒక్కొక్కటిగా కూలుతున్న మండువా ఇళ్ళనూ కొలిచి, పటాలు గీసి, మిగిలినవాటిని నిలుపుకొనే పని అదే ప్రణాళికలో చేరవలసి ఉంది.